మేల వీధి నిశానీలు

రా భానూ, ఇట్టా దగ్గరికి జరుగు. ఆ సెల్లు బోర్లా పెట్టు. ఈ కత టైముల కత. ఒక్క టైము నీ చెవిన పడకపోయినా దొంగ తప్పించుకుని పోతాడు, ఆనక నన్ను అడగబాక.

ఆరోజు మంగళవారం. పగలు పదకొండు నలభై. మన ముత్యాలకుప్పం పంచాయితీ ఆఫీసు ముందర ఆటో ఆగింది. అందులోంచి వినీల దిగింది. మా చిన్నక్క మనవరాలు. గూడూరులో నిమ్మకాయల మార్కెట్టు పక్క మేడ మీద డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకోనుండాది. నేనే ఫోను చేయించి పిలిపించినా.

"అవ్వా, గడువు ఎన్నింటికి?" అనింది, దిగీ దిగకముందే.

"అయిదింటికి. నాలుగింటికి ఎంపీడీవో వస్తాది."

"అయిదు గంటల ఇరవై నిమిషాలు ఉండాది. చాలు. నీళ్ళియ్యి."

ఏం గడువంటే విను. మన పంచాయితీకి తొమ్మిది వార్డులు. వార్డుకొక మెంబరు. సర్పంచికి ఊరంతా ఓటేస్తుంది. ఉప సర్పంచిని మాత్రం ఆ మెంబర్లే చేతులెత్తి ఎన్నుకుంటారు. ఏ ఇల్లు ఏ వార్డో గీత గీసి, ఇంటి నంబర్లతో నోటీసు అంటిస్తారు. వద్దనుకుంటే గడువులోగా కాగితం పెట్టుకోవాల. గడువు దాటిందా, గీత గీతే.

మన మేల వీధిలో తొంభై ఆరు ఓట్లు. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించి ఆరో వార్డే. ఈసారి ఓట్లు సమంగా రావాలని మన వీధిని నడిమికి కోసి సగం అయిదులో, సగం ఏడులో కలిపినారు. ఆరో వార్డు మెంబరుగా నిలబడాలని ఎండుచేపల కామమ్మ ఆర్నెల్లుగా కాళ్ళరిగేలా తిరుగుతా ఉండాది. వీధి తెగితే కామమ్మ పని అయిపోయినట్టే. ఆమె ఓట్లు ఆడ సగం, ఈడ సగం. తలా ఒక చోట, తోకా ఒక చోట.

ఆమె గెలవకూడదని ఎవరికి అంటావా? మిగతా వార్డుల్లో గెలిచేటోళ్ళు నలుగురు అటు, నలుగురు ఇటు అని లెక్క. తేల్చేది ఆరో వార్డు. రొయ్యపిల్లల కంపెనీ వాళ్ళకి మనం పడవలు లాగే రేవు మీదుగా పైపు వెయ్యాలంటే పంచాయితీ తీర్మానం కావాల. కామమ్మ మెంబరైతే ఆ తీర్మానం సముద్రంలో కలిసినట్టే.

అందుకని శుక్రవారం పదకొండూ పదికి వీధంతా పోయి 'మమ్మల్ని కొయ్యొద్దు' అని కాగితం ఇచ్చినాం. మొదటి సంతకం చెంచయ్యది. మన వీధికి పెద్దకాపు గదా, ఏ తగువైనా ఆయన మాటే. పదిహేడో నంబరు వేసి రసీదు కూడా ఇచ్చినారు. సోమవారం చూస్తే ఫైల్లో పదిహేడో నంబరు మీద ఇంకో కాగితం ఉండాది! 'మమ్మల్ని కొయ్యండి, మాకు సమ్మతమే' అని. కింద యాభై రెండు వేలిముద్రల నిశానీలు. మన కాగితం లేదు.

మేము వెయ్యలేదు మొర్రో అంటే ఎవరు నమ్ముతారు? "ముందు ఒప్పుకున్నారు, ఇప్పుడు పెద్దకాపుకి భయపడి మాట మార్చినారు" అని కంపెనీ వాళ్ళు పెట్టుకున్న డిటెక్టివు అప్పటికే ఎంపీడీవోకి చెవినేసినాడు. నెల్లూరు నుంచి వచ్చినాడు, పేరు నరేంద్రబాబు. ఒకవేళ కాగితం మారిందన్నా, మార్చింది సెక్రెటరీయే అని కూడా ఆయనే తేల్చేసినాడు.

ఆ సెక్రెటరీ హజరత్తయ్య లోపల కుర్చీలో చెమటలు కక్కుతా కూర్చోనున్నాడు. వినీల ఎదురుగా నిలబడింది.

"శనివారం పొద్దున కూడా ఫైల్లో మా అవ్వోళ్ళ కాగితమే చూసినానంటిరి. ఆరోజు మీరు గది వదిలి ఎప్పుడు పోయినారు?"

"ఒంటిగంటా పావుకి. అన్నానికి. మళ్ళా వచ్చేసరికి ఒంటిగంటా యాభై."

"అంత కచ్చితంగా ఎట్టా తెలుసు?"

"షుగరు మేడమ్. ఒంటిగంటా పావుకి తినకపోతే కళ్ళు తిరుగుతాయి. ఫోన్లో అలారం ఉంది."

"తాళం?"

"ముందు తలుపుకి వేసినా. వెనక తలుపు లోపల గడియ."

"బీరువా తాళంచెవి?"

హజరత్తయ్య తల వంచుకున్నాడు. "బీరువా మీద పెడతా."

"బీరువా తాళంచెవి బీరువా మీదనా!" అని కామమ్మ గుమ్మంలోంచి అరిచింది. "మా పిల్లి కూడా నెత్తళ్ళ బుట్ట మీద కూర్చోనే కాపలా కాస్తాది సారూ!"

అందరూ నవ్వినారు. వినీల నవ్వలా. వెనక తలుపు కాడికి పోయింది. ఉప్పుగాలికి గడియ తిని పారేసి ఉండాది. బయట నిలబడి సందులోంచి స్కేలు దూర్చి ఎత్తితే, టక్! తెరుచుకునింది. తర్వాత బీరువా కాడికి వచ్చింది. తలుపు పట్టుకుని లాగింది. ఊపిరి తీసినంత సద్దు కూడా లేకుండా వచ్చేసింది ఆ తలుపు.

నేను గబగబా దగ్గరికి పోయినా.

"వినీలా, అది ఆ బీరువా కాదు!" అన్నా.

"ఏందవ్వా?"

"దాని తలుపు తీస్తే కిర్రుమని మా ఇంటికి వినపడతాది. ఇరవై ఏళ్ళుగా వింటా ఉండా. సెక్రెటరీ వచ్చినాడో లేదో ఆ కిర్రుని బట్టే చెప్తా."

వినీల మోకాళ్ళ మీద కూర్చోని బందుల్లో వేలు పెట్టింది. వేలికి నూనె. మిషను నూనె, కొత్తది. నేల మీద రెండు చుక్కలు, వాటి మీద ఇంకా దుమ్ము కూడా పట్టలా.

"సెక్రెటరీ గారూ, మీరు నూనె వేసినారా?"

"నేనెందుకు వేస్తా మేడమ్? నాకు ఆ చప్పుడు అలవాటే."

"అదీ మాట. రోజూ తీసేవాడికి చప్పుడంటే భయం ఉండదు. దొంగతనానికి వచ్చినోడికే నూనె కావాల." లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకునింది. "ఇది లోపలి మనిషి పని కాదు. కాగితం చదవండి."

హజరత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చదివినాడు. "అయ్యా, ముత్యాలకుప్పం పై వీధి నివాసులమైన మేము..."

"ఆగబ్బయ్యా!" అన్నా నేను. "ఏ వీధి?"

"పై వీధి."

"పై వీధి యాడుంది మనూళ్ళో? ఇసక మీద మేడ కట్టి దాని మీద వీధి వేసినారా?"

ఈసారి వినీల కూడా నవ్వింది. నవ్వి, అట్టే ఆగిపోయింది. "అవ్వా, నువ్వు ఇప్పుడు ఏమన్నావో మళ్ళా చెప్పు."

చెప్పినా. మన కుప్పంలో ఇళ్ళలో మాట్లాడేది అరవం కలిసిన మాట గదా. కీళ అంటే మనకి తూరుపు, సముద్రం దిక్కు. మేల అంటే పడమర. కీళ వీధి, మేల వీధి. చంటిబిడ్డకి కూడా తెలుసు. పై లేదు, కింద లేదు. ఊరంతా చాప పరిచినట్టు చదునే.

వినీల సెక్రెటరీ వైపు తిరిగింది. "మీరు మా అవ్వ వీధిని ఏమని రాస్తారు?"

ఆయన రిజిస్టరు తెరిచి చూపించినాడు. తొమ్మిదేళ్ళ రాత. ప్రతి చోటా 'మేలు వీధి'.

"మేలు వీధా? మేలు, కీడు... ఆ మేలా?"

"మంచోళ్ళ వీధేమో అనుకున్నా మేడమ్," అన్నాడు పాపం. "నాది గూడూరు పక్క పల్లె. నాకు అరవం ఒక్క ముక్క రాదు."

"మంచోళ్ళమే సారూ, ఇప్పుడే తెలిసిందా!" అనింది కామమ్మ.

"కాబట్టి ఇది మీరు రాయలేదు," అనింది వినీల. "మేల వీధి వాళ్ళూ రాయలేదు. మద్రాసులో మేల అంటే పైన, కీళ అంటే కింద అని కూడా వాడతారు. ఈ ఊరివాడు కాడు, కానీ మద్రాసు అరవం వచ్చు. ఊళ్ళో ఎవరినో వీధి పేరు అడిగినాడు, తెలివిగా తెలుగు చేసినాడు."

అప్పుడు టైము ఒంటిగంటా ఇరవై. సెక్రెటరీ అలారం మోగి అయిదు నిమిషాలైనా ఆయనకి ఆకలి గుర్తు లేదు. నేనే పోయి నా ఇంటి నుంచి ముద్ద, చేపల పులుసు తెచ్చి పెట్టినా. దొంగ అని పేరు పడినోళ్ళకి కూడా అన్నం పెట్టాల, ఆయన కాదని తేలినాక పెట్టకపోతే ఎట్టా?

నేను వచ్చేసరికి వినీల ఆ నిశానీల మీద వంగి ఉండాది. చేతిలో భూతద్దం.

"కామమ్మక్కా, రేషను మిషన్లో నీ వేలు పడతాదా?"

"యాడ పడతాది తల్లీ! చేపల పొలుసు తీసీ తీసీ నా వేలు అద్దమైపోయింది. మా వీధిలో సగం మందికి కంటి మిషన్తోనే బియ్యం ఇచ్చేది."

"మరి ఇట్టా చూడు. యాభై రెండు నిశానీలు. ఒక్కొక్క గీతా ముగ్గు వేసినట్టు ఉండాది. ఇవి వల లాగిన వేళ్ళు కావు. మెత్తటి వేళ్ళు."

అని ఊరుకోలా. వేలు పెట్టి ఎంచుతా పోయింది. ఏడో ముద్ర కాడ ఆగింది. మళ్ళా పదిహేడు కాడ. ఇరవై ఏడు. ముప్పై ఏడు. నలభై ఏడు.

"అవ్వా, ఇవన్నీ ఒకటే. అడ్డంగా తెగిన మచ్చ ఉండాది. ఎనిమిదీ, పద్దెనిమిదీ కూడా ఒకటే. తొమ్మిదీ, పంతొమ్మిదీ కూడా. ఒకే మనిషి! కుడిచేతి బొటనవేలితో మొదలుపెట్టి పది వేళ్ళూ వరసగా వేసినాడు. అయిపోయినాక మళ్ళా మొదటి నుంచి. ఏడోది అంటే ఎడమచేతి చూపుడు వేలు."

పదివేళ్ళతో ఒక్కడు యాభై రెండు మందైపోయినాడు చూడు!

రెండూ ముప్పైకి బుల్లెట్టు బండి చప్పుడు. నరేంద్రబాబు దిగినాడు. మడత నలగని చొక్కా, నల్లద్దాలు. వినీలని చూసి నవ్వినాడు.

"ఓహో, నిమ్మకాయల డిటెక్టివ్ గారా! గూడూరులో బస్తాలు ఎవరు ఎత్తుకుపోయారో తేల్చేశారా?"

"తేల్చినా నరేంద్రబాబు గారూ. మీరు నెల్లూరులో ఎవరి మొగుడు ఎవరితో తిరుగుతున్నాడో తేల్చేశారా?"

"ఈ కేసు నాది. మూడు రోజుల కిందే మూసేశాను. సెక్రెటరీ డబ్బుకి ఆశపడి..."

"మూడు రోజుల కిందనా? అంటే శనివారం. కాగితం మారిందని ఊరికి తెలిసింది సోమవారం గదా?"

ఆయన నవ్వు రెప్పపాటు అట్టే నిలబడిపోయింది. "నోరు జారింది. నిన్న. చూడమ్మా, ఈ పై వీధి వాళ్ళు చెప్పేదంతా నమ్మితే నువ్వు..."

కామమ్మ నా చెయ్యి పట్టుకుని పిసికింది. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నా. వినీల మాత్రం కనురెప్ప కూడా కదపలా.

"మద్రాసులో ఎన్నేళ్ళు ఉన్నారు?" అని అడిగింది, ఏదో కుశలం అడిగినట్టు.

"ఎనిమిదేళ్ళు. పెద్ద ఏజెన్సీలో. ఎందుకు?"

"మీ పనితనం చూసి అడిగినా. నాలుగింటికి ఎంపీడీవో గారి ముందర కలుద్దాం. పోవద్దు."

"నేనెందుకు పోతాను? నువ్వు ఓడిపోయేది చూడాలి గదా!"

సరిగ్గా నాలుగూ అయిదుకి ఎంపీడీవో రేవతి గారు వచ్చింది. పొడుగ్గా, మాట తక్కువ మనిషి. ఊరంతా ఆఫీసు ముందర నిలబడింది. పెద్దకాపు చెంచయ్య భుజాన తువ్వాలు వేసుకుని ముందు వరసలో ఉండాడు. "మా వీధిని కోస్తే ఊరుకోం!" అని గొంతు చించుకుంటా ఉండాడు.

"అరవబాకండి," అనింది రేవతి గారు. "నాకు కాగితం ముఖ్యం. కాగితం తప్పని కాగితం మీదే చూపించండి."

వినీల చూపించింది. గడియ, నూనె, పై వీధి, మేలు వీధి, రాని వేళ్ళు, పదేసి వేళ్ళ వరస. ఒకటి తర్వాత ఒకటి, వల విప్పినట్టు. రేవతి గారు భూతద్దం తీసుకుని తనే ఎంచింది. ఏడు. పదిహేడు. ఇరవై ఏడు. గడియారం నాలుగూ ముప్పై అయిదు.

"ఇవన్నీ ఒకే మనిషి వేళ్ళని ఒప్పుకుంటా. ఆ మనిషి ఎవరు?"

"నరేంద్రబాబు గారూ, మీ ఎడమచెయ్యి చూపుడు వేలు మేడమ్ గారికి చూపించండి."

"ఏం మాట్లాడుతున్నావు? నేను చదువుకున్నవాణ్ణి. నేను సంతకం పెడతాను గానీ వేలిముద్ర వేసేదేంది?" పిడికిలి బిగించి వెనక్కి రెండడుగులు వేసినాడు.

వెనక కామమ్మ ఉండాది. ఆయన ఆ సంగతి చూసుకోలా. మణికట్టు పట్టుకునింది. పదిహేను కిలోల వంజరం చేపని నీళ్ళల్లోంచి లేపిన చెయ్యది. ఆయన గింజుకున్నాడు, చొక్కా గుండీ తెగింది, నల్లద్దాలు ఇసకలో పడినాయి, చెయ్యి మాత్రం విడిపడలా.

"తెరువబ్బయ్యా," అనింది కామమ్మ. "పీత గిట్టలే విప్పతా నేను, నీ పిడికిలి ఎంత?"

విప్పింది. చూపుడు వేలి మీద అడ్డంగా తెల్లటి మచ్చ. సెక్రెటరీ ఇంకు డబ్బా పట్టుకొచ్చినాడు. తెల్లకాగితం మీద ఒక్క ముద్ర. రేవతి గారు రెండూ పక్కపక్కన పెట్టి చూసింది.

"ఈ పదిహేడో నంబరు కాగితం చెల్లదు, రసీదు ఉన్న మొదటి అర్జీయే లెక్క," అనింది. "పోలీసులకి రాస్తున్నాను. మేల వీధి మొత్తం ఆరో వార్డులోనే ఉంటుంది. సెక్రెటరీ గారూ, ఈసారన్నా పేరు సరిగ్గా రాయండి."

నాలుగూ యాభై రెండు! ఎనిమిది నిమిషాలు మిగిలింది. అరుపులు, ఈలలు. చెంచయ్య చప్పట్లు కొట్టినాడు. కామమ్మ వినీలని ఎత్తి తిప్పింది. నేను కామమ్మ చెయ్యి పట్టుకుని, మోకాళ్ళ నొప్పి మరిచి రెండడుగులు చిందేసినా, నువ్వు నమ్మవుగానీ.

అప్పుడు నరేంద్రబాబు నవ్వినాడు. ఇద్దరు మొగోళ్ళు రెక్కలు పట్టుకోనుండగా, ఆ నలిగిన చొక్కాలో నవ్వినాడు.

"వీధి మీరే ఉంచుకోండి. నిలబడేది ఎవరు? మీ వార్డు ఓటర్ల జాబితా ఒక్కసారి అయినా చూసుకున్నారా?"

వినీల రేవతి గారి బల్ల మీద జాబితా లాక్కుని పేజీలు తిప్పింది. "ఆరు బారు నలభై ఒకటి. కామమ్మక్క ఇల్లు. కొడుకు పేరు ఉండాది... కోడలి పేరు ఉండాది..."

"నాది?" అనింది కామమ్మ.

వినీల వెనక పేజీకి తిప్పింది. తీసేసిన పేర్లు ఆడ ఉంటాయి. వేలు పెట్టి చదివింది.

"కామమ్మ. కారణం, మరణం."

"నేనా? పొద్దున వాకాడు సంతలో నాలుగు బుట్టల నెత్తళ్ళు అమ్మి వచ్చిన పీనుగనా నేను?"

ఒకరిద్దరు నవ్వబోయి ఊరుకున్నారు. జాబితాలో పేరు లేకపోతే నామినేషను లేదు. ఆర్నెల్లు అరిగిన కాళ్ళకి ఫలం లేదు.

"ఈమె చచ్చిపోయిందని ఎవరు రాసిచ్చారు?" అనింది వినీల. "దానికి ఒక అర్జీ ఉండాల."

రేవతి గారు తను తెచ్చిన సంచిలోంచి కట్ట తీసి వెతికింది. ఒక కాగితం దగ్గర ఆగి, తల ఎత్తి జనంలో చూసింది. "సమాచారం ఇచ్చినవారు, పక్కింటివారు. ఇంటి నంబరు ఆరు బారు నలభై. పేరు వెంకటశేషమ్మ. నిశానీ."

వెంకటశేషమ్మ ఎవరు భానూ? నేనే గదా.

ఊరంతా నా వైపు తిరిగింది. కామమ్మ నా చెయ్యి ఇంకా పట్టుకోనే ఉండాది. విడిపించుకోలా. అదే నాకు ఎక్కువ నొప్పి పెట్టింది.

"అవ్వా," అనింది వినీల మెల్లగా, "ఇది కూడా దొంగ నిశానీయేనా?"

ఔనంటే అయిపోయేది. ఇంతసేపూ దొంగ నిశానీలే చూసినారు గదా, ఇంకొకటి అనుకునేవాళ్ళు. కానీ నాకు మరుపనే జబ్బు దేవుడు ఇవ్వలా. దానికి ముందు నెల, పున్నమికి ముందు గురువారం. పగలు పదీ పది. నేను వాకిట్లో చేపలు తిప్పి ఎండేస్తా ఉండా. ఒక మనిషి వచ్చి పక్కన కూర్చున్నాడు. నా మోకాళ్ళెట్టా ఉండాయని అడిగినాడు. "వేట నిషేధం భృతి రానోళ్ళ అర్జీ పెద్దమ్మా, నీ కొడుకు పేరు కూడా ఎక్కిద్దాం, ఈడ వెయ్యి" అన్నాడు. ఇంకు డబ్బా ఆయనే తెచ్చినాడు. ఏం రాసి ఉందో నేను అడగలా. ఆయన్ని మన వీధిలో ఎవరూ అడగరు. వీధి ముక్కలు కాకూడదని ఆయనకీ ఉండాది, నిజమే. కాకపోతే ఆ వీధి తరఫున నిలబడేది ఆయన కోడలు కావాల.

ఇప్పుడు ఆయన నాకు రెండు బారల దూరంలో ఉండాడు. చప్పట్లు కొట్టిన చేతులు అట్టే ఆగిపోయినాయి. నన్నే చూస్తా, తల అటూ ఇటూ మెల్లగా ఊపినాడు. వద్దు పెద్దమ్మా, అని. ఆ తల ఊపుడుకి మన వీధిలో పొయ్యిలు ఆరిపోయిన ఇళ్ళు నాకు తెలుసు. వెలి పడి, పలకరించే మనిషి, నిప్పిచ్చే మనిషి లేక ఊరొదిలిపోయినోళ్ళు తెలుసు.

"దొంగది కాదు," అన్నా. "ఆ నిశానీ నాదే. వేయించుకున్నది పెద్దకాపు చెంచయ్య."

గోడ గడియారం అయిదు కొట్టింది. ఎవరూ ఆ వైపు చూడలా.

భానూ, ఇది నువ్వు గుర్తు పెట్టుకో. రేపు నీ బిడ్డలకి చెప్పేటప్పుడు మీ అవ్వని మంచిగా చూపించాలని ఏదీ దాచబాక. చదివించుకోకుండా వేలు పెట్టిందని చెప్పు, ఊరి ముందర ఒప్పుకునిందని కూడా చెప్పు. రెండిట్లో ఏది వదిలేసినా నువ్వు చెప్పేది నా కత కాదు.